తోడు

మా ల్యాబులో దాన్ని మజ్జిగ అనేవాళ్ళం. కాగితాల మీద దానికి నాలుగు అక్షరాలూ మూడు అంకెలూ ఉన్న పేరొకటి ఉండేది కానీ, గాజు పాత్రలో చూస్తే పల్చటి మజ్జిగే. అదే తెలుపు, అదే నురగ, ఆఖరికి కాస్త పులుపు వాసన కూడా. ఆ పేరు పెట్టింది నేనే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను పెట్టిన పేర్లలో నలుగురి నోటా నిలిచింది అదొక్కటే. ఇప్పుడది గుర్తొస్తే నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

నా పేరు మురారి. కాకినాడలో ఒక చిన్న మందుల పరిశోధన కేంద్రంలో ఎమల్షన్లు చేసేవాణ్ణి. నూనెకీ నీళ్ళకీ పడదు కదా, వాటి చేత బలవంతంగా కాపురం చేయించడమే ఎమల్షన్. కొన్ని గంటలు బుద్ధిగా ఉంటాయి, తర్వాత విడిపోతాయి. విడిపోకుండా చూడటమే నా చదువంతా.

మేము పట్టుకున్న సమస్య పాతదే. ఇన్సులిన్ని సూదితో పొడవాలి తప్ప మింగడానికి లేదు. మింగితే అది మందని కడుపుకి తెలియదు. పప్పూ ప్రోటీనే, ఇన్సులినూ ప్రోటీనే. రెండింటినీ ఒకేలా ముక్కలు చేసి అరిగించేస్తుంది. అందుకని మందు ఉన్న నీటిబొట్టుని నూనెలో దాచి, ఆ నూనెబొట్టుని మళ్ళీ నీళ్ళలో తేల్చి కడుపు దాటించాలని చాలామంది చూశారు. కడుపు చిలికే చిలుకుడికి బొట్లన్నీ పగిలిపోయేవి. చిరిగితే తనంతట తానే మాసికలు వేసుకునే పొరని ఆ బొట్టుకి తొడిగాం. మేము కొత్తగా చేసింది అంతే.

పొరని అల్లేది ఒక సూక్ష్మజీవి. పాలని పెరుగు చేసేవాటికి దగ్గర చుట్టం. దాని జన్యువులు మార్చి, నూనె బొట్టు ఎక్కడ కనిపించినా దాని చుట్టూ ప్రోటీను దారాలు అల్లేలా తయారుచేశాం. దాన్ని నేతగాడు అనేవాళ్ళం. వాడు పేగుల్లో కాపురం పెట్టేయకుండా ఒక జాగ్రత్త తీసుకున్నాం. వాడు బతకడానికి కావలసిన ఒక పదార్థాన్ని స్వయంగా చేసుకోలేకుండా ఆ ఒక్క జన్యువునీ తీసేశాం. ఆ పదార్థాన్ని సీసాలో మేమే లెక్క ప్రకారం పోస్తాం. కడుపు దాటి పేగుల్లోకి వచ్చేసరికి అది అయిపోతుంది. నేతగాడు ఆకలికి చచ్చిపోతాడు, పొర ఊడుతుంది, మందు రక్తంలోకి వెళ్తుంది. ఎలుకల్లో ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

మా డైరెక్టరు రత్నకుమారి గారు ఆ రోజు అందరికీ కాజాలు పంచారు. "మనుషుల దాకా రావడానికి ఇంకా రెండేళ్ళు పడుతుంది. ఎవరూ తొందరపడకండి" అన్నారు. ఎవరూ అన్నప్పుడు నావైపే చూశారు. మా ఆమని సంగతి ఆవిడకి తెలుసు.

ఆమని నా కూతురు. అప్పటికి పదేళ్ళది. ఆరేళ్ళప్పుడు దానికి షుగరు వచ్చింది, పిల్లలకి వచ్చే రకం. అప్పట్నుంచీ రోజుకి నాలుగు సూదులు. పొడిచేది నేనే. నాలుగేళ్ళలో దగ్గర దగ్గర ఆరువేల సూదులు పొడిచాను. తొడల మీద చర్మం అక్కడక్కడా గట్టిపడి గింజలు కట్టింది. అది ఏడిచేది కాదు. ఏడిస్తే బాగుండేది. రోజూ పొద్దున గౌను కొంచెం పైకి లాక్కుని "ఇవాళ ఏ వైపు నాన్నా?" అని అడిగేది, బస్సులో ఏ కిటికీ దగ్గర కూర్చుందాం అన్నట్టు. ఆ మాట వినలేక ల్యాబుకి పోయి పన్నెండేసి గంటలు పనిచేసేవాణ్ణి.

కాజాలు తిన్న రోజే ఇంటికొచ్చి నా భార్య సుజనకి మొత్తం చెప్పాను. ఆమె గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంపుతోంది.

"ఎలుకలకిచ్చింది పాపకిస్తారా?" అంది.

"ఒక్క చెంచా. సూది లేకుండా..."

"నా కంఠంలో ప్రాణం ఉండగా ఇవ్వనివ్వను. రెండేళ్ళాగితే ఏమైపోతుంది? నాలుగేళ్ళు ఆగేం, ఇంకో రెండేళ్ళు ఆగలేమా? మీకు దాని సూదులు పోవడం కావాలా, మీ మందు నెగ్గడం కావాలా? ముందది తేల్చుకోండి."

నాకు రెండూ కావాలి. ఆ మాట అప్పుడే పైకి అనివుంటే మేమిద్దరం బాగా పోట్లాడుకునేవాళ్ళం, అంతటితో పోయేది. నేను మాత్రం "సరేలే, నీ ఇష్టం" అన్నాను. నేను ఎవరితోనైనా అంత తేలిగ్గా సరే అన్నానంటే నమ్మకూడదని పెళ్ళయిన పన్నెండేళ్ళకి కూడా ఆమెకి తెలియలేదు.

పది రోజులాగి, ఒక సాయంత్రం ల్యాబు నుంచి వస్తూ లీటరు మజ్జిగ స్టీలు క్యానులో పోసుకొచ్చాను. ల్యాబు సీసా అయితే ఆమె గుర్తుపడుతుందని నా తెలివి. మా ఊళ్ళోనే ఎవరో ప్రత్యేకమైన ఆవుపాలతో చేస్తున్నారనీ, పేగులకి మంచిదనీ, షుగరున్న పిల్లలకి రోజూ ఒక చెంచా ఇస్తే మెల్లగా సూదులు తగ్గుతాయని డాక్టరు చెప్పాడనీ అన్నాను. సుజన వేలితో కాస్త తీసుకుని నాలుక మీద వేసుకుంది.

"మజ్జిగే" అంది. "ఏంటో చప్పగా ఉంది."

"పరగడుపున ఒక్క చెంచా, అంతే. ఫ్రిజ్‌లోంచి తియ్యకు."

ఆమె నమ్మింది. నమ్మకపోవడానికి ఏముంది, అది చూడటానికి మజ్జిగే కదా.

ఆ తర్వాతి మూడు వారాలు మా ఇంట్లో పండగ. మొదట మధ్యాహ్నం సూది మానేశాం, తర్వాత సాయంత్రానిది, పదిహేనో రోజుకి అన్నీ. రక్తంలో చక్కెర నూట పది, నూట ఐదు, నూట పద్నాలుగు. ఇరవయ్యో రోజున ఆమని స్కూల్లో ఎవరి పుట్టినరోజుకో ఇచ్చిన కేకు ముక్క తిని ఇంటికొచ్చి, భయం భయంగా చెప్పింది. వేలు పొడిచి చూశాను. నూట ముప్ఫై. నేను దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాను. పదేళ్ళ పిల్లని అలా తిప్పితే నడుం పట్టేస్తుందని అప్పుడు గుర్తు రాలేదు. నా జీవితంలో అంత గర్వపడ్డ రోజు ఇంకోటి లేదు. అబద్ధం చెప్పానన్న బాధ ఇసుమంతైనా లేదు.

నాకు తెలియంది ఇంకొకటి జరిగింది. ఎండలు ముదిరిన రోజులు, పెరుగు ఊరికే పులిసిపోతోంది. ఇంట్లో తోడు కూడా నిండుకుంది, గిన్నె అడుగున గోకితే అర చెంచా వచ్చింది. అది చాలదని సుజన ఫ్రిజ్‌లోని క్యాను తీసింది. ఇంత మంచి మజ్జిగ ఉంచుకుని తోడుకి వెతుక్కోవడం ఏమిటనుకుంది. ఆ అర చెంచాకి ఒక చెంచా నా మందు కలిపి గోరువెచ్చటి పాలల్లో వేసి మూత పెట్టింది.

"ఎంత గట్టిగా తోడుకుందో చూడండి" అని ఐదో రోజున గిన్నె నా ముందు బోర్లించింది. చుక్క జారలేదు. "నాలుగు రోజులైనా పులవట్లేదు. చాకుతో కోసుకోవచ్చు."

నేను పెరుగు తినను. చిన్నప్పట్నుంచీ ఆ వాసన పడదు. మా ఇంట్లో దాని గురించి ఎప్పుడూ వేళాకోళమే. అందుకని గిన్నె వైపు సరిగ్గా చూడను కూడా చూడకుండా "బాగుంది" అన్నాను.

మాది మూడంతస్తుల బిల్డింగు, పద్నాలుగు వాటాలు. అలాంటి పెరుగు ఎవరింట్లోనైనా తోడుకుందంటే కబురు గంటలో పాకుతుంది. పక్కింటి మంగతాయారు గారు మొదట చిన్న గిన్నె పట్టుకొచ్చారు. తోడు అడిగితే లేదనడం మా వైపు లేదు. ఆవిడ దగ్గర్నుంచి పైవాళ్ళు, పైవాళ్ళ దగ్గర్నుంచి ఎదురు బిల్డింగు వాళ్ళు, వీధి చివర టిఫిను కొట్టు ఆమె. ప్రతివాళ్ళూ ఒక్కో చెంచా తీసుకెళ్ళారు. సుజన అందరికీ సంతోషంగా ఇచ్చింది. చేతి మంచితనం అని అందరూ మెచ్చుకుంటుంటే పొంగిపోయింది.

నాలుగో వారంలో ఆమని చక్కెర యాభై నాలుగుకి పడింది. మందు ఎక్కువైందనుకుని అర చెంచా చేశాను. నలభై తొమ్మిది. మందు పూర్తిగా మానేశాను. యాభై ఒకటి. ఇన్సులిన్ లేకుండా ఆ పిల్లకి చక్కెర పడిపోవడం అనేది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మీటరు పాడైందనుకుని కొత్తది కొన్నాను. అదీ అదే చెప్పింది.

పిల్ల మాత్రం తింటూనే ఉంది. రెండు పూటలది ఒక పూటలో తింటోంది. పప్పన్నం తిని చెయ్యి కడుక్కోకుండానే "అమ్మా, ఇంకాస్త" అంటోంది. అయినా స్కూలు లంగా నడుం దగ్గర నిలవక సుజన పిన్నీసు పెట్టి పంపేది. మరో వారానికి పిన్నీసు ఇంకో రెండంగుళాలు లోపలికి జరిగింది. ఒకరోజు సుజన నన్ను పక్కకి పిలిచి, పిల్ల దొడ్డికి వెళ్తే అన్నం మెతుకులు మెతుకులుగానే పడుతోందని చెప్పింది. చెబుతూ చెబుతూ గోడకి ఆనుకుంది. అప్పుడు గమనించాను, ఆమె గాజులు కూడా మోచేతి దాకా జారుతున్నాయని.

మర్నాడు పొద్దున ల్యాబుకి బయల్దేరుతుంటే మెట్ల మీద మంగతాయారు గారు ఆపారు. ఆవిడ నిండుగా, గంభీరంగా ఉండే మనిషి. ఆ రోజు రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు.

"మురారి గారూ, మీరు మందుల కంపెనీలో కదండీ. ఏదైనా బలానికి చెప్పండి బాబూ. ఏం తిన్నా ఒంటబట్టట్లేదండీ. మా ఆయనైతే మరీ చిక్కిపోయేరు. కిలో మాంసం వండినా అంతేనండి, తిన్నది తిన్నట్టే పోతంది. పైవాళ్ళూ ఇదే మాటండి. నీళ్ళల్లో ఏదో ఉందంటన్నారు."

"పైవాళ్ళా?" అన్నాను.

"అందరూనండి. ఏదో ఆ పెరుగు పుణ్యమా అని నాలుగు మెతుకులు లోపలికెళ్తన్నాయి కానీ..."

"ఏ పెరుగు?"

"అదేనండి, మీ ఆవిడ ఇచ్చిన తోడుతో చేసింది. పాపకి తెప్పించేరంటగా, ఆ మజ్జిగతో తోడేసేరంట. బంగారంలాంటి తోడండీ."

వెనక్కి ఇంట్లోకెళ్ళి, సుజన స్నానానికి వెళ్ళిన సమయం చూసి, పెరుగు ఒక సీసాలో వేసుకుని ల్యాబుకి పోయాను.

మైక్రోస్కోపు కింద చూడటానికి ఒక్క నిమిషం పట్టింది. వెన్న బొట్టు ప్రతిదాని చుట్టూ పొర. అంత అందమైన పొర మా ల్యాబులో ఎప్పుడూ రాలేదు. నేతగాడు బతికే ఉన్నాడు, కోట్లలో ఉన్నాడు. మేము తీసేసిన జన్యువు మళ్ళీ వాడి దగ్గరికొచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలిసిపోయింది. పాత తోడులోని పెరుగు జీవులూ వీడూ ఒకటే వంశం. ఒక రాత్రంతా గోరువెచ్చటి పాలల్లో పక్కపక్కన ఉన్నాయి. వాటిల్లో ఏదో ఒకటి తన దగ్గరున్నది వీడికి ఇచ్చింది. సూక్ష్మజీవులు అలా ఇచ్చిపుచ్చుకుంటాయని మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలుసు. మేము దాన్ని నీళ్ళలో పరీక్షించాం, ఆమ్లంలో పరీక్షించాం, పైత్యరసంలో పరీక్షించాం. పాలల్లో మాత్రం పరీక్షించలేదు. మందుని పాలల్లో వేసి తోడు పెడతారని మా పన్నెండు మందిలో ఒక్కడికీ తట్టలేదు, ప్రతి ఇంట్లో రోజూ తోడు పెట్టే ఊళ్ళో పుట్టి పెరిగి కూడా.

ఇక వాడు చావడు. పేగుల్లో కూర్చుని వచ్చిన ప్రతి ముద్దనీ, పప్పునీ నూనెనీ మెతుకునీ, మందు అనుకుని జాగ్రత్తగా పొర చుట్టి, అరక్కుండా కాపాడి బయటికి పంపుతాడు. సరిగ్గా మేము నేర్పిన పనే.

ఆ క్షణంలో పైకి వెళ్ళి రత్నకుమారి గారికి చెప్పాలి. ఇరవై రెండు మెట్లు. వెళ్ళాను కూడా. ఆవిడే ఎదురొచ్చి, "మురారీ, స్టాకు లెక్కలో లీటరు తేడా వస్తోందట. బయటికేమైనా వెళ్ళిందా?" అని అడిగారు.

"లేదు మేడమ్. ఒలికిపోయింది" అన్నాను.

దీనికి నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. చెబితే ల్యాబుకి తాళం వేస్తారు, తాళం పడితే విరుగుడు ఎవరు కనిపెడతారు, నాకంటే ఆ పొర గురించి తెలిసినవాడెవడు, అని. అవన్నీ నిజమే. కానీ అసలు కారణం భయం. పాపకి ఎలుకల మందు ఇచ్చినవాడు అని సుజన నన్ను చూసే చూపుకి భయపడ్డాను. ఆ రోజుకి ఆ తోడు చేరింది పద్నాలుగు వాటాలకీ, ఇంకో పాతిక ఇళ్ళకీ. నాలుగు రోజుల్లో టిఫిను కొట్టు మీదుగా రామారావుపేట చేరింది. రెండు వారాలకి ఆరువందల ఇళ్ళు.

ఇంట్లో పెరుగు మాత్రం ఆ సాయంత్రమే పారబోశాను. పాడైందని చెప్పాను. కానీ వాడు అప్పటికే అందరి కడుపుల్లోనూ ఉన్నాడు, పెరుగు పారబోసి ప్రయోజనం లేదు.

ఆరోగ్య శాఖ వాళ్ళు వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళారు, కూరలు పట్టుకెళ్ళారు. చివరికి ఇంటింటికీ ప్రశ్నలు వేసుకుంటూ వస్తే అన్ని దారులూ ఒక గిన్నె దగ్గరికే చేరాయి. పేపర్లో పెరుగు జబ్బు అని రాశారు. ఏదో పాడైన పాలతో తోడు పెట్టిన ఒక గృహిణి వల్ల మొదలైందని రాశారు. పేరు రాయలేదు. రాయక్కర్లేదు, వీధి మొత్తానికి తెలుసు.

"ఆ మజ్జిగ ఎక్కడ కొన్నారు?" అని ఇన్‌స్పెక్టరు అడిగితే, "సైకిలు మీద అమ్మేవాడండీ, మళ్ళీ రాలేదు" అన్నాను. సుజన నా పక్కనే నిలబడి ఉంది. "కొనడం తప్పు కాదండీ, నేను తోడు పెట్టకుండా ఉండాల్సింది" అంది. నా తప్పు కూడా తనే నెత్తిన వేసుకుంది. నేను ఊరుకున్నాను.

ఆ రోజు నుంచి ఆమె ఇల్లిల్లూ తిరిగింది. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి, అయినా తిరిగింది. ప్రతి ఇంట్లోనూ పెరుగు గిన్నె అడిగి తీసుకుని, వేడినీళ్ళతో తనే కడిగి, క్షమించమని చెప్పి వచ్చేది. కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు. ఒకామె తలుపు తియ్యలేదు. మంగతాయారు గారి భర్త పోయిన రోజు సుజన వెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడిపోయింది. నేనే భుజాలు పట్టుకుని లేపి ఇంటికి తీసుకొచ్చాను. మెట్లు ఎక్కించడానికి ఎత్తుకోవలసి వచ్చింది. ఒకప్పటి ఆమని అంత బరువు కూడా లేదు. ఆ మూడంతస్తుల్లో తిన్నది ఒంటికి పట్టేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. పొద్దున అద్దంలో నా బుగ్గలు చూసుకుంటే నాకే అసహ్యం వేసేది.

ఆమనిని పెద్దాసుపత్రిలో చేర్చాం. ఛాతీ దగ్గర పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేసి ఆహారం ఎక్కించారు. కడుపుతో పనిలేకుండా బతికించే పద్ధతి అదొక్కటే. అది చెయ్యగలిగిన మంచాలు ఊరు మొత్తానికి పదకొండు. నా కూతురికి ఒకటి దొరికింది. ఎవరికి దొరకలేదో నేను అడగలేదు.

సూక్ష్మజీవుల్ని చంపే మందులు మింగిస్తే నేతగాడు వాటికీ పొర చుట్టి పంపేశాడు, సూదితో ఎక్కిస్తే పొరల చాటున దాక్కుని బతికాడు. నేను ల్యాబులో విరుగుడు కోసం పడి ఉన్నాను. పదకొండో రోజున దొరికింది. ఆ దారాలని తెంపే ఎంజైము ఒకటి. గాజు గొట్టంలో పోస్తే పొరలన్నీ నిమిషంలో ఊడిపోయి నూనె పైకి తేలింది. నేను కుర్చీలో కూర్చుని పెద్దగా ఏడ్చాను, సంతోషంతో. ఒక గంట తర్వాత జబ్బు ఎక్కించిన ఎలుకకి తాగించాను. గుణం కనిపించలేదు. గొట్టంతో నేరుగా పేగులోకి పంపాను. అక్కడి రసాలు పది నిమిషాల్లో దాన్ని తినేశాయి. ఎంజైమూ ప్రోటీనే. కడుపుకి అది కూడా పప్పే.

దాన్ని అరక్కుండా పేగుల పొడుగునా పంపాలంటే పొర తొడగాలి. అంత గట్టి పొర ప్రపంచంలో ఒక్కటే ఉంది. తొడిగాను. లోపలున్న ఎంజైము ఆ పొరనే తెంపుకుని సీసాలోనే బయటికొచ్చేసింది. ఇంకోలా తొడిగాను. మళ్ళీ అంతే. తొంభై రకాలుగా చేశాను. నా చదువంతా ఒక బొట్టుని కాపాడటానికే సరిపోయింది, ఒక బొట్టుని పగలగొట్టడానికి పనికిరాలేదు.

ఇరవై ఆరో రోజు ఆసుపత్రికి వెళ్తే, డాక్టరు వరండాలో ఆపి, గొట్టం దగ్గర చీము పట్టిందనీ, విషం రక్తంలోకి పాకిందనీ చెప్పాడు. జ్వరం దిగడం లేదు. "చూద్దామండి" అన్నాడు. ఆ మాటకి అర్థం ఇద్దరికీ తెలుసు.

సుజన వరండా బల్ల మీద కూర్చుని ఉంది. నేను లోపలికెళ్ళాను. ఆమని మేలుకునే ఉంది. ముఖంలో కళ్ళే పెద్దగా కనిపిస్తున్నాయి. నా చెయ్యి తీసుకుని నా వేళ్ళు లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్కటీ పట్టుకుంది.

"నాన్నా, ఒకటడుగుతాను, నిజం చెప్తావా?"

"అడుగమ్మా."

"ఆ మజ్జిగ నీ ల్యాబుదే కదా?"

నేను దుప్పటి సరిచేశాను.

"నువ్వు తెచ్చేకే కదా సూదులు మానేశాం. మామూలు మజ్జిగకి షుగరు తగ్గదు. మా సైన్సు టీచర్ని అడిగేను, తగ్గదన్నారు. నేను ముందే అనుకున్నాను. అమ్మకి చెప్పలేదు."

"అవునమ్మా" అన్నాను. "నాదే."

అది కోపగించుకోలేదు. ఊపిరి కూడదీసుకుని అంది: "మరి అమ్మ తన వల్లే అనుకుంటోంది. రోజూ నా కాళ్ళ దగ్గర కూర్చుని నన్ను చంపేశానమ్మా అని ఏడుస్తోంది. నేను నిద్రపోయేననుకుని ఏడుస్తోంది. అమ్మకి చెప్పు నాన్నా. ఇప్పుడే చెప్పు."

బయటికి వచ్చి సుజన పక్కన కూర్చున్నాను. మొదటి నుంచీ చెప్పాను. క్యాను సంగతి, అబద్ధపు డాక్టరు సంగతి, మైక్రోస్కోపులో చూసిన రోజు, ఒలికిపోయింది అన్న మాట, సైకిలువాడు. మధ్యలో ఆమె ఒక్కసారి కూడా ఆపలేదు. నేను ఆగాక తన చేతుల వైపు చూసుకుంది. ఇల్లిల్లూ గిన్నెలు కడిగి వేడినీళ్ళకి ఆ చేతులు బొబ్బలెక్కాయి.

"ఎన్నాళ్ళయింది తెలిసి?" అంది.

"ఇరవై ఆరు రోజులు."

"మంగతాయారు గారి కాళ్ళు పట్టుకున్న రోజుకి తెలుసా?"

"తెలుసు."

"నువ్వే లేపేవు నన్ను" అంది. "నువ్వు పక్కనే ఉన్నావు."

పన్నెండేళ్ళలో ఆమె నన్ను ఎప్పుడూ నువ్వు అనలేదు. గోడ పట్టుకుని లేచింది. గదిలోకి వెళ్ళి, నెమ్మదిగా, చప్పుడు కాకుండా తలుపు వేసి లోపల గడియ పెట్టుకుంది.

నేను ఆ బల్ల మీది నుంచే రత్నకుమారి గారికి ఫోన్ చేశాను. ఆవిడ తిట్టలేదు. "ఆ మొదటి రోజే చెప్పి ఉంటే నలభై ఇళ్ళు మురారీ. నలభై ఇళ్ళు" అని ఫోన్ పెట్టేశారు. సాయంత్రానికి జీపు వచ్చింది. ఎక్కేముందు తలుపు తట్టాను. లోపల్నుంచి ఆమని ఏదో అడగడం, సుజన ఏదో చెప్పడం వినిపించింది. తలుపు తియ్యలేదు.

స్టేషన్లో నన్ను మర్యాదగానే చూశారు. ల్యాబు వాళ్ళకి నేను చెప్పవలసినవి చాలా ఉన్నాయి కాబట్టి కాగితాలు, పెన్నూ ఇచ్చారు. రాస్తూ కూర్చున్నాను. గురువారం పొద్దున హెడ్ కానిస్టేబులు ఒక జాబితా పట్టుకొచ్చాడు. సెలవు ముగించుకుని ఆ పొద్దునే డ్యూటీలోకి వచ్చిన, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"కేసు కాగితాల్లోకండి. నిన్నటి దాకా పోయినోళ్ళ పేర్లు. మీరు తోడిచ్చిన ఇళ్ళోళ్ళో కాదో చెబితే పక్కన టిక్కు పెడతాను."

చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేరు మంగతాయారు గారి భర్తది. నేను అవునన్నాను, టిక్కు పెట్టాడు. టిఫిను కొట్టు ఆమె. అవును. పైవాటాలో ముసలాయన. అవును. నాకు తెలియని పేర్లు నాలుగు వచ్చాయి. వాటికి తలూపడం కూడా చేతకాక ఊరుకుంటే, పక్కన ఏదో రాసుకున్నాడు. ఎనిమిదో పేరు. తర్వాత కళ్ళజోడు సవరించుకున్నాడు.

"తొమ్మిది. ఆమని, పదేళ్ళు. చిన్నపిల్లండీ పాపం, రాత్రే పోయినట్టుంది" అని తలెత్తి నావైపు చూశాడు. "మీకు తెలిసిన పిల్లేనా అండీ?"

"తెలుసు" అన్నాను.

ఆయన టిక్కు పెట్టి, పదో పేరు చదివాడు.